పిలిస్తే వెనక్కి రావాలంటే



పోయినసారి ఆవకాయ గురించి మాట్లాడాను కనుక ఈసారి మాగాయ గురించి చెబుతానని అనుకొని ఉంటారు. కాదు. ఈవేళ కుక్క గురించి చెబుతాను. "మాకు కుక్కా లేదు, నక్కా లేదు, మాకెందుకమ్మా ఈ గొడవ" అని రేడియో కట్టెయ్యకండి. ఇవాళ మీ ఇంట్లో లేకపోవచ్చు. రేపు మీ పిల్లవాడు ఒక కుక్కపిల్లను చంకన పెట్టుకొని గుమ్మంలో నిలబడితే ఏం చేస్తారు? అప్పుడు ఈ నాలుగు ముక్కలూ జ్ఞాపకం వస్తే చాలు.

మా ఇల్లు నాచారంలో. మా మామగారు ఇక్కడి పారిశ్రామికవాడలో పనికి చేరిన రోజుల్లో ఇంటి వెనక అన్నీ పొలాలేనట. రాత్రిపూట నక్కల కూతలు వినబడేవట. ఇప్పుడు గోడకి గోడ ఆనుకొని ఇళ్ళు. ఉప్పల్ 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది, 2017లో మెట్రో రైలు వచ్చింది. నక్కలు ఎటుపోయాయో పోయాయి. వాటిని తరమడానికి పుట్టిన కుక్కను మాత్రం మేము కోరి ఇంట్లోకి తెచ్చుకున్నాం.

మా మరిది కొన్నాళ్ళు కర్ణాటకలో బాగల్‌కోట వైపు ఉద్యోగం చేశాడు. సెలవుకి వస్తూ బుట్టలో ఒక పిల్లను పెట్టుకొచ్చాడు. "వదినా, ఇది ముధోల్ పిల్ల. రాజులు పెంచిన కుక్క" అన్నాడు. మా అబ్బాయి దానికి రాకీ అని పేరు పెట్టాడు. మా అత్తగారికి నోరు తిరక్క రాఖీ అంటారు. ఏడాది తిరిగేసరికి పొడుగు కాళ్ళు, సన్నని నడుము, కోల మొహం, లెక్కపెట్టుకోడానికి వీలుగా పక్కటెముకలు! చూసినవాళ్ళంతా "తిండి పెట్టడం లేదా అమ్మా" అని అడిగేవారు. ఆ జాతి తీరే అంత. ఒంటి మీద కొవ్వు ఉంటే పరుగు సాగదు కదా.

ముధోల్ అంటే బాగల్‌కోట జిల్లాలో ఒక ఊరు. ఘోర్పడే రాజులు ఏలిన సంస్థానం. ఆ కుక్కల పేరు నిలబెట్టింది వాళ్ళే. 2005లో మన తపాలా శాఖ వారు దేశవాళీ కుక్కల బొమ్మలతో స్టాంపులు వేస్తే అందులో ముధోల్ కుక్కా ఉంది. 2016లో సైన్యం వారు వీటి పిల్లల్ని మీరట్‌కి తీసుకుపోయి శిక్షణ ఇచ్చారు. తమిళనాడులో రాజపాలయం, చిప్పిపారై, కన్ని అని ఇలాంటి వేటజాతులే ఉన్నాయి. మన ఆంధ్రదేశానికీ ఒకటుంది, జోనంగి. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఇంట్లో మా రాకీ అంత మెత్తనివాడు లేడు. అరుపులు లేవు, అల్లరి లేదు. మా అత్తగారు జపం చేసుకుంటుంటే కాళ్ళ దగ్గర పడుకొనేవాడు. పాలబ్బాయి వస్తే తల కూడా ఎత్తడు. దాంతో నాకు ధీమా పెరిగిపోయింది. ఇంట్లో "రాకీ" అనగానే వస్తున్నాడు, బయటా వస్తాడనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

రెండేళ్ళ క్రితం కార్తీకమాసం, ఆదివారం పొద్దున. ఉప్పల్ భగాయత్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మినీ శిల్పారామం ఉన్న చోటు. వెడల్పాటి రోడ్లు, మధ్య గడ్డి పెరిగిన ఖాళీ స్థలాలు. మా వారి పాత కారులో రాకీని అక్కడికి తీసుకెళ్ళాం. కనుచూపు మేర ఎవరూ లేరు. "పాపం, ఎప్పుడూ కట్టేసే ఉంటాడు, కాసేపు పరుగెత్తనీ" అని గొలుసు విప్పాను. నేనే విప్పాను. మా అబ్బాయి వద్దని కూడా అన్నాడు.

గడ్డిలోంచి ఒక పిల్లి లేచింది. అంతే. వెళ్ళడం నేను చూడలేదు, వెళ్ళిపోయిన తరువాత చూశాను. "రాకీ! రాకీ! రాకీ!" అని గొంతు చించుకొని అరుస్తూనే ఉన్నాను. పిల్లి ఎటో తప్పించుకుంది. వీడు ఆ ఊపులో మెట్రో స్తంభాలున్న నాగోలు రోడ్డు మీద పడ్డాడు. బస్సు కీచుమని ఆగింది. దాని పక్కన మోటారు సైకిలు మీద వెళుతున్న భార్యాభర్తలు జారి పడిపోయారు. ఆమె మోచెయ్యి చీరుకుపోయింది, చీరంతా నెత్తురు. ప్రాణాపాయం లేదు, దేవుడు చల్లగా చూశాడు. నేను వణికిపోతూ ఆమెను పట్టుకొని, "క్షమించమ్మా, ఎంత పిలిచినా కుక్క మాట వినలేదు" అన్నాను. ఆమె నా మొహం వంక చూడలేదు. నా చేతిలో వేలాడుతున్న గొలుసు వంక చూసింది. "కుక్కకేమెరుక అక్కా, తాడు నీ చేతిల ఉండె గదా!" అంది.

ఆస్పత్రికి మేమే తీసుకెళ్ళాం, కట్టు కట్టించాం, మందుల ఖర్చు పెట్టుకున్నాం. కానీ ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

మా వారు ఆమెను తీసుకొని వెళ్ళారు, నేనూ అబ్బాయీ అక్కడే రాకీ కోసం వెతుకుతూ ఉండిపోయాం. అరగంటకి వాడే తిరిగి వచ్చాడు. నాలుక బయటపెట్టి, తోక ఊపుకుంటూ, ఏదో ఘనకార్యం చేసొచ్చినట్టు సరాసరి నా దగ్గరకే వచ్చాడు. భయం, సిగ్గు, కోపం అన్నీ కలిసి, అదే గొలుసుతో వాణ్ణి రెండు దెబ్బలు వేశాను. సోదరీమణులారా, ఆ రెండు దెబ్బల ఖరీదు నాకు ఎనిమిది నెలలు.

మర్నాటి నుంచి నేను పిలిస్తే రాకీ రావడం మానేశాడు. పది అడుగుల దూరంలో ఆగిపోతాడు. చెవులు వెనక్కి పెట్టి, ఒళ్ళు ముడుచుకొని నిలబడతాడు. నేను ఒక అడుగు ముందుకు వేస్తే వాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. మా వారు "ఎవరికైనా ఇచ్చేద్దాం, పల్లెటూళ్ళో అయితే హాయిగా తిరుగుతాడు" అన్నారు. ఎప్పుడూ "ఇంట్లో కుక్కేమిటి, మడికి పనికిరాదు" అని గొణిగే మా అత్తగారు మాత్రం, "ఇంటి పిల్ల తప్పు చేస్తే ఊరికి ఇచ్చేస్తామా?" అన్నారు. ఆ మాటతో రాకీ ఆగాడు. కానీ దారి తెలియాలి కదా.

రామంతపూర్‌లో మాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. పోలీసు శాఖలో జాగిలాల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరకు వెళ్ళి అంతా చెప్పుకున్నాను. ఆయన ఒకటే ప్రశ్న అడిగారు. "దేనికి కొట్టారమ్మా?" "పారిపోయినందుకు" అన్నాను. "కాదు. పారిపోయి అరగంటయింది. వాడికి అది ఎప్పుడో అయిపోయిన పని. మీరు కొట్టేటప్పుడు వాడు చేస్తున్న పని ఏమిటి? మీ దగ్గరకు రావడం. మీరు దానికి కొట్టారు" అన్నారు.

నాకు భారతం గుర్తుకొచ్చింది. ఆదిపర్వంలో సరమ కథ వినే ఉంటారు. దేవతల కుక్క సరమ. దాని కొడుకు జనమేజయుడు యాగం చేసే చోటికి వెళితే, ఏ తప్పూ చేయకపోయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. సరమ వచ్చి న్యాయం అడిగింది. అంత గొప్ప భారతం ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయం దగ్గర మొదలవుతుంది! చిన్నప్పుడు విన్నప్పుడు ఇదేమిటి, ఇక్కడ ఈ కుక్క గొడవ ఎందుకు అనుకొనేదాన్ని. ఈసారి అలా అనిపించలేదు.

ఇంకొకటీ గుర్తుకొచ్చింది. ఇందాక జోనంగి అన్నాను కదా. మా పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున. మా తాతయ్యకు బాతులుండేవి, ఒక జోనంగి ఉండేది. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం. మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు అరుస్తుంది. ఎండవేళ తడిమట్టిలో గొయ్యి తవ్వుకొని పడుకొనేది. బాతుల్ని మేతకు తోలేది, పొలాల్లో ఎలకల్ని, ఉడుముల్ని తరిమేది. కానీ తాతయ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఒక్క కూత వేస్తే చాలు, ఎంత దూరంలో ఉన్నా గట్ల మీద దూకుకుంటూ వచ్చేసేది. ఆయన రెండోసారి పిలవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఉత్త చేత్తో పిలవడమూ చూడలేదు. పిలిచే ముందు ఆయన చెయ్యి పంచె మడతలోకి వెళ్ళేది. అక్కడ ఒక ఎండుచేప ముక్క ఉండేది. తరువాత బాతుల చోట చేపల చెరువులొచ్చాయి. ఆ కుక్కలకు పని పోయింది. ఇప్పుడు మంచి జోనంగి కనబడటమే అరుదు. అన్నీ తెలిసిన తాతగారి ఇంట్లో పెరిగి, నేను పిలిచి గొలుసుతో కొట్టాను.

ఇక అసలు విషయానికి వద్దాం. వేటజాతి కుక్క ఎందుకు మాట వినదు? పొగరు వల్ల కాదు. దాని పుట్టుకే అది. వేటలో వరుసగా కొన్ని మెట్లున్నాయి. చూడటం, గురిపెట్టడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మందను కాసే జాతుల్లో మనిషి గురిపెట్టడం, పొంచడం ఉంచి, పట్టడం తగ్గించాడు. రాకీ వంటి జాతుల్లో వందల ఏళ్ళ పాటు ఏరి ఏరి చూపునూ తరమడాన్నీ పెంచాడు. వీటికి ముక్కుకంటే కన్ను ముందు. మనకు అవుపించని దూరంలో తోక కదిలినా వీటికి కనబడుతుంది. పైగా ఆ పరుగే వాటికి బహుమానం. పిల్లి దొరకనక్కర్లేదు, పరుగెత్తితే చాలు, కడుపు నిండినట్టే. ఇలాంటి పరుగుకు పుట్టిన గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. అంటే సెకనుకు 16 మీటర్లు. మీరు రెండుసార్లు పేరు పిలిచేలోపల అది వీధి దాటిపోతుంది. ఆ వేగంలో ఉన్న కుక్క చెవికి మీ కేక చేరినా మనసుకు చేరదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే పక్క గదిలోంచి మా వారు పేపరు చదివి వినిపిస్తారు. నాకేమైనా వినబడుతుందా?

అందుచేత తరమకుండా చేయడం మన వల్ల కాదు. తరమడం మొదలు కాకముందే పిలుపు అందేటట్టు, ఆ పిలుపు వేటకంటే తీపిగా ఉండేటట్టు చేయడమే మన పని. పెద్దాయన చెప్పినవీ, మేము చేసి చూసినవీ వరసగా చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మొట్టమొదట, పాడైపోయిన పిలుపును పక్కన పడెయ్యండి. "రాకీ, ఇలా రా" అన్న మాట మా ఇంట్లో విషమైపోయింది. కనుక స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఊదే లాంటి ఈల ఒకటి కొన్నాను. ఈలకు ఒక సుగుణం ఉంది. నా గొంతులో కోపం, భయం దాగవు, కుక్క పట్టేస్తుంది. ఈల ఎప్పుడూ ఒక్క తీరుగానే పలుకుతుంది. దూరమూ పోతుంది. ఇంట్లో అందరూ ఒకే తీరున ఊదాలి. మేము మూడు పొట్టి కూతలని పెట్టుకున్నాం.

రెండవది, కూలి. కుక్కకు రోజూ దొరికే అన్నం మెతుకులు కూలి కావు. వేటను వదిలి రావాలంటే వేటంత రుచి ఉండాలి. మేము కార్జం ఉడికించి, చిక్కుడు గింజంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకొనేవాళ్ళం. ఉప్పు, కారం వెయ్యకూడదు. ఉల్లి అసలే వద్దు, కుక్కకు అది చెరుపు. చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా అంతే. నీచు వండని ఇళ్ళవారు పనీరు ముక్కలు వాడుకోవచ్చు. అయితే ఆ ముక్కలు ఈలకు తప్ప ఇంక దేనికీ పెట్టకూడదు. మా అత్తగారు దొంగచాటుగా పెట్టబోతే నేనే డబ్బా దాచాల్సి వచ్చింది.

మొదటి పది రోజులూ ఇంట్లోనే. రెండు గజాల దూరం నుంచి ఈల, వెంటనే ముక్క. వాడు వచ్చాడా, రాలేదా అని చూడలేదు, ఈల తరువాత ముక్క ఉంటుందని తెలిస్తే చాలు. రోజుకు పదిసార్లు. వంటింట్లోంచి, దొడ్లోంచి, డాబా మీద నుంచి. నాలుగో రోజుకల్లా మా రాకీ పది అడుగుల గిరి దాటి నా చేతి దాకా వచ్చాడు. ఆవేళ వాడి తల నిమరడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు, చెదిరిపోతాడేమోనని.

మూడవది చాలా ముఖ్యం. పిలిచి ఆట ఆపకండి. మనం చేసే పొరపాటు ఇదే. హాయిగా తిరుగుతున్న కుక్కను పిలుస్తాం, గొలుసు తగిలిస్తాం, ఇంటికి లాక్కుపోతాం. స్నానానికి పిలుస్తాం, ఇంజెక్షనుకు పిలుస్తాం. ఏ బుద్ధి ఉన్న ప్రాణి వస్తుంది చెప్పండి? పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి, "పో, ఆడుకో" అని మళ్ళీ వదలండి. స్నానానికైతే పిలవకండి, మీరే వెళ్ళి తీసుకురండి.

నాలుగవది, పొడుగు తాడు. బజారులో నైలాను తాళ్ళు దొరుకుతాయి. మేము మాత్రం మంచాలకు అల్లే నవారు పన్నెండు గజాలు కొని, చెప్పులు కుట్టే అతనితో చివర కొక్కెం గట్టిగా కుట్టించాం. అది చేతిని కోయదు. దాన్ని మెడపట్టీకి తగిలించవద్దు. పన్నెండు గజాలు పరుగెత్తి ఆగిపోతే మెడ నరాలు దెబ్బతింటాయి. ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, హార్నెస్ అంటారు, దానికి తగిలించండి. నవారును చేతికి చుట్టుకోకండి, లాగితే మణికట్టు పోతుంది. గరుకు చేతితొడుగులు వేసుకోండి. నెల్లాళ్ళకొకసారి కుట్లు చూసుకోండి.

ఐదవది, మెట్టు మీద మెట్టు. ఇంట్లో వచ్చాడు కదా అని సరాసరి మేకల మధ్యకు తీసుకుపోకూడదు. ఒకటో తరగతి చదివినవాణ్ణి మెట్రిక్కు పరీక్షకు కూచోబెట్టడమే అది. పదో తరగతితో చదువాపిన దాన్ని, ఆ బాధ నాకు తెలుసు. ముందు డాబా, తరువాత తెల్లవారుజామున ఐదింటికి ఖాళీ వీధి, రెండు నెలల తరువాత భగాయత్, అదీ నవారుతో. అక్కడ మొదట తీతువు పిట్టల దగ్గర, తరువాత పందుల దగ్గర, చివరికి నూరు అడుగుల దూరంలో మేకల మంద. ఎక్కడ పిలిస్తే రాడని మీకే అనుమానమో అక్కడ పిలవకండి. రెండు అడుగులు వెనక్కి వెళ్ళి అప్పుడు పిలవండి. పిలిచి రాకపోవడం అలవాటైతే ఆ ఈల కూడా పాడవుతుంది. వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించండి. కాలే తారురోడ్డు మీద వాటి పాదాలు బొబ్బలెక్కుతాయి.

ఆరవది, మొహం చదవడం. తరమడానికి ముందు కుక్క చెబుతుంది. నోరు మూసుకుంటుంది, చెవులు ముందుకు వస్తాయి, తోక కదలడం ఆగుతుంది, ముందుకాలు ఒకటి గాలిలో ఉండిపోతుంది. ఆ రెండు సెకన్లే మనవి. అప్పుడు ఊదాలి. దూకిన తరువాత ఊదితే కష్టం. ఇదొక్కటి నేర్చుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. కుక్కకు కాదు, నాకు.

ఏడవది, వాడికి వేట పెట్టండి. ఆకలిని తిట్టి పోగొట్టలేం కదా. ఒక వెదురుకర్రకు తాడు కట్టి, తాడు చివర పాతగుడ్డ కట్టి డాబా మీద గిరగిరా తిప్పితే మా రాకీ కుందేలు దొరికినట్టు ఆడతాడు. మధ్యలో గుడ్డను ఆపేసి ఈల వెయ్యాలి. వస్తే ముక్క, వెంటనే మళ్ళీ గుడ్డ పరుగు. అంటే ఈల వింటే వేట పోదు, మళ్ళీ దొరుకుతుంది అని వాడికి తెలుస్తుంది. ముక్కకంటే కూడా మా వాడికి ఇదే పెద్ద కూలి అయింది. నిజమైన వేట మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిజంతువుల్ని కుక్కలతో వేటాడించడం నేరం. సరదాకి కుందేలు మీదికి ఉసిగొలిపినా నేరమే.

మెడలో కరెంటు షాకు కొట్టే పట్టీలు కూడా అమ్ముతున్నారు. మీట నొక్కితే కుక్క ఆగుతుందట. అవి వద్దు. షాకు తగిలినప్పుడు కుక్క దేన్ని చూస్తుంటే ఆ నొప్పి దానివల్లే వచ్చిందనుకోవచ్చు. ఎదురుగా పసిపిల్లవాడు ఉంటే? ఆ తరువాత ఏమవుతుందో ఊహించుకోండి.

ఇన్ని చేసినా ఎప్పుడైనా తప్పించుకుపోతే వెంటపడకండి. మీరు తరిమితే అది ఇంకా మంచి ఆట. ఎదురు దిక్కుకు పరుగెత్తండి, లేదా కింద కూచుని ఈల వెయ్యండి. ఒకరు మాత్రం అది విడిపోయిన చోటే నిలబడాలి, చాలాసార్లు చుట్టు తిరిగి అక్కడికే వస్తాయి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఎంత పని చేసి వచ్చినా, ముక్క పెట్టి తల నిమరండి. కోపం తీర్చుకోవాలంటే ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కోండి. పట్టీకి మీ ఫోను నంబరు ఉన్న బిళ్ళ ఉండాలి. పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటా వేయించాలి, నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి. ఎవరినైనా కరిస్తే ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మరి మా రాకీ ఏమయ్యాడంటారా? ఎనిమిదో నెలలో ఒక పొద్దున భగాయత్‌లో నవారు నేల మీద జీరాడుతుంటే నడుస్తున్నాడు. పొదలోంచి ముంగిస బయటికొచ్చింది. వాడి తోక ఆగింది, కాలు లేచింది. నేను ఈల అందుకొనేలోపలే దూకాడు. ఊదాను. నాలుగు అంగల్లో వెళ్ళినవాడు అక్కడే దుమ్ములో జారి, ఒక్క క్షణం ముంగిస వంక, ఒక్క క్షణం నా వంక చూసి, వెనక్కి తిరిగి వచ్చేశాడు. డబ్బాలో ఉన్న ముక్కలన్నీ వాడి ముందు కుమ్మరించాను. మా అబ్బాయి "అమ్మా, ఏడుస్తున్నావా?" అన్నాడు. దుమ్ము పడిందన్నాను.

ఇక్కడితో ఆపితే కథ బావుంటుంది. కానీ నిజం చెప్పాలి. తరువాత పదిహేను రోజులకు పందిపిల్ల కనబడితే ఎన్ని ఈలలు వేసినా వినలేదు. నవారు ఉంది కనుక సరిపోయింది. వేటజాతి కుక్క నూటికి నూరుపాళ్ళూ మాట వింటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కంచె లేని చోట, రోడ్డు దగ్గర, పిల్లలు ఆడేచోట తాడు విప్పకండి. ఈల నేర్పేది తాడు విప్పడానికి కాదు, తాడు చేయి జారిన రోజుకి.

ఆ మోచెయ్యి దెబ్బ తిన్నామె ఉప్పల్‌లోనే ఉంటుంది. కుట్లు విప్పిన రోజున చూడటానికి వెళ్ళాను. తరువాత పండుగకీ పబ్బానికీ రాకపోకలయ్యాయి. పోయిన బతుకమ్మ పండక్కి మా ఇంటికి వచ్చింది. రాకీని చూసి ముందు గుమ్మంలోనే ఆగిపోయింది. వాడు పడుకున్నచోటు నుంచి కదల్లేదు. "మంచిగున్నడే" అంది. కాసేపటికి నా వంక చూసి, "తాడేది అక్కా?" అని అడిగింది. తలుపు వెనక మేకుకు తగిలించిన నవారు చూపించాను. అప్పుడు లోపలికొచ్చి కూచుంది.

చివరిగా ఒక్కమాట. ఈ ఎనిమిది నెలల్లో ఒకరోజు మా అబ్బాయిని "ఒరేయ్, ఇలా రా" అని పిలిచాను. వాడు గది గుమ్మం దగ్గరే ఆగి, "నేనేం చేశాను?" అన్నాడు. ఊరికే పిలిచాను, పకోడీలు వేశాను తినమని. కానీ వాడు ఆగిన చోటు నుంచి నాకు దూరం పది అడుగులే ఉంది. ఆ దూరం నేను ఎరుగుదును. ఆ రోజు నుంచి వాణ్ణి కూడా అప్పుడప్పుడు మంచి మాటకే పిలుస్తున్నాను. మీరూ ఒకసారి గమనించుకోండి, మీ ఇంట్లో "ఇలా రా" అన్నమాట దేనికి వాడుతున్నారో.